సన్నకొమ్మలకు జంట డ్రమ్ముల బొగ్గుబట్టీ: కొన్నేళ్ల వాడకం తరువాత

చెట్లు కొట్టాక మిగిలే కొమ్మలను, కోత మిషను దగ్గర పోగుపడే చెక్కముక్కలను అమ్మదగిన సరుకుగా మార్చడానికి జంట డ్రమ్ముల బట్టీని కొన్నేళ్లుగా వాడుతున్నాను. 200 లీటర్ల ఇనుప డ్రమ్ములో 115 లీటర్ల చిన్న డ్రమ్మును ఇటుకల మీద నిలిపి, చిన్నదాంట్లో కట్టె నింపి మూత బిగించి, రెండింటి మధ్య సందులోనూ అడుగునా మంట వేయడమే ఇందులోని ఏర్పాటు. లోపలి కట్టెకు గాలి అందదు కనుక అది బూడిద కాకుండా బొగ్గవుతుంది. పరికరం మంచిదే. కాని దీనితో గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది మంట ముట్టించడానికి చాలా ముందే, కొమ్మలను ఏరి వేరుచేసే చోటే తేలిపోతుంది.

మణికట్టు కంటే లావైన కొమ్మను నేను బట్టీలో వేయను. ఒక కిలో బొగ్గుకు మూడున్నర నుంచి నాలుగు కిలోల ఎండుకట్టె ఖర్చవుతుంది గనుక, చీల్చడానికి వీలైన కొమ్మను కోసి, పేళ్లు చేసి, ఆరబెట్టి వంటచెరకుగానే అమ్మడం మేలు. పైగా లావు ముక్క నడిమి దాకా ఉడకక కొరివిగా మిగిలిపోతుంది. మరోవైపు వేలికంటే సన్నని పుల్లల్లో లావు కొమ్మల్లోకంటే బెరడు పాలు ఎక్కువ. బొగ్గు చేస్తే బూడిద ఎక్కువగా ఉన్న పొడే చేతికొస్తుంది. అందువల్ల వాటిలో తిన్ననివాటిని సమానంగా కత్తిరించి, ఎండబెట్టి, నిప్పు రాజేసే చితుకుల కట్టలుగా కడతాను. జిగురు ఉన్న మెత్తని కలప ముక్కలు ఇందుకు మరీ బాగుంటాయి. మూడు నుంచి ఏడు సెంటీమీటర్ల లావు ఉండి, వంకరగా, కణుపులతో, పేళ్లకూ చితుకులకూ పనికిరాని కొమ్మలదే డ్రమ్ములో అసలు చోటు. ఎందుకూ పనికిరాని తుక్కు బయటి మంటకు పోతుంది. బట్టీకి ఇంధనం విడిగా కొనవలసిన పని లేకపోవడం నాకు నచ్చిన గుణాల్లో మొదటిది. అయితే రంగు పూసిన చెక్క, ప్లైవుడ్, పురుగు పట్టకుండా మందు ఎక్కించిన కలప లోపలికీ పోకూడదు, మంటకూ పోకూడదు.

ఎండు విషయంలో ఈ బట్టీ ఏ మాత్రం రాజీపడదు. పచ్చికట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు, ఒక కిలో నీటిని మరిగించి ఆవిరిగా పంపడానికి సుమారు 2.6 మెగాజౌళ్ల వేడి కావాలి. ఆ వేడంతా బయట మనం వేసే తుక్కు నుంచే రావాలి. తేమ 20 శాతం లోపుకు దిగిన కొమ్మకు కోసిన కొసలో నడిమి నుంచి నెరియలు విచ్చుకుంటాయి, బెరడు గోటితో లేస్తుంది, రెండింటిని తట్టిస్తే కంగుమంటుంది. నేల తగలకుండా, పైన కప్పు ఉండి పక్కలకు గాలి ఆడేలా పేర్చితేనే అంత ఎండు వస్తుంది. కుప్పగా పడేసిన కొమ్మలు అడుగున బూజుపట్టి చివికిపోతాయి, ఆ చివికిన కట్టె బొగ్గు చేతిలోనే నలుగుతుంది.

మంట వేశాక చాలాసేపు పొగగొట్టం నుంచి తెల్లని దట్టమైన ఆవిరే వస్తుంది. తరువాత పొగ పసుపు తిరిగి కళ్లు మండిస్తుంది. ఈ దశలో తుక్కు వేయడం ఆపితే బట్టీ చల్లబడి పని చెడుతుంది. లోపలి కట్టె 280 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి చేరేసరికి దానంతటదే విచ్ఛిన్నమవుతూ, మండే వాయువులను లోడ్రమ్ము అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటికి తోస్తుంది. అవి అంటుకున్న క్షణాన్ని చెవే చెబుతుంది. సన్నని బుసతో పసుపుపచ్చని మంట నాలుకలు అడుగు చుట్టూ లేస్తాయి, గొట్టం మీద పొగ దాదాపు మాయమై వేడిగాలి కదలిక మాత్రమే కనిపిస్తుంది. ఇక కొంతసేపు బట్టీ తన ఆవిరులతోనే తాను కాగుతుంది. నేలలో గుంట తవ్వి, కట్టె పేర్చి మట్టి కప్పి కాల్చే గుంటబట్టీ కంటే దీనిలో పొగ చాలా తక్కువ. ఆ నాలుకలు ఆరగానే బయటి డ్రమ్ము అడుగున ఉన్న గాలి కన్నాలను, గొట్టాన్ని తడిమట్టితో మూసి మరునాటిదాకా వదిలేయాలి. వేడిమీద తెరిస్తే గాలి తగిలి బొగ్గంతా రాజుకుంటుంది.

బాగా కాలిన బొగ్గులో కొమ్మ రూపం, కణుపులు, వలయాలు అలాగే నిలుస్తాయి. విరిస్తే పెళుక్కుమని విరిగి, విరిగినచోట నల్లగా మెరుస్తుంది. వేళ్లకు అంటిన నలుపు పొడిగా ఉంటే సరే, జిడ్డుగా, గోధుమరంగులో ఉంటే లోపల తారు మిగిలినట్లే. అటువంటి బొగ్గు పొగ కక్కుతుంది. దాన్ని మళ్లీ బట్టీలో వేయడమే ఉత్తమం. లోడ్రమ్ముకు 30 కిలోల ఎండుకొమ్మ పట్టితే ఏడెనిమిది కిలోల బొగ్గు దిగుతుంది. గుంటబట్టీలో ఇదే కట్టెకు ఇంతకంటే తక్కువ రావడం మామూలే. ఈ లెక్కలో బయట మండించిన తుక్కు లేదన్నది మరువరాదు. తుమ్మ, సరుగుడు వంటి గట్టి కలప కొమ్మలు బరువైన బొగ్గునిస్తాయి. మెత్తని జాతుల బొగ్గు తేలికగా ఉండి త్వరగా అంటుకుని త్వరగా ఆరుతుంది. రెండింటినీ ఒకే సంచిలో కలపకపోవడం కొనేవారిపట్ల మర్యాద.

లోపాల్లో పెద్దది రేకు మన్నిక. డ్రమ్ము రేకు మందం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మాత్రమే కావడంతో లోడ్రమ్ము అడుగు పొరలు పొరలుగా పొట్టు రాలి చిల్లుపడుతుంది, మూత అంచు వంగి బిగువు తప్పుతుంది. బయటి డ్రమ్ము ఒకటి పాడయ్యేలోగా లోపలివి రెండు మూడు మార్చవలసి వస్తుంది. కొనేటప్పుడు లోపల ఏమి నింపారో తెలియని డ్రమ్మును, జింకుపూత ఉన్నదాన్ని వద్దనాలి. వేడికి ఆ పూత నుంచి వచ్చే పొగ ఒంటికి హాని చేస్తుంది. రంగు డ్రమ్మయితే మొదటిసారి ఖాళీగానే కాల్చి, ఆ పొగకు దూరంగా ఉండాలి.

బట్టీని ఏ కప్పు కిందా నడపకూడదు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, మూసిన చోట అది ప్రాణం తీస్తుంది. తీసిన బొగ్గును పలచగా పరచి, ఒక రోజంతా ఆరుబయట గాలికి ఉంచాకే సంచుల్లోకి ఎత్తాలి. తాజా బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ తనంతట తానే వేడెక్కి మండగలదు. జల్లెడ నుంచి కిందికి రాలిన నలుసును కంపోస్టులో నానబెట్టి మట్టిలో కలిపితే పనికొస్తుంది, గంజితో కలిపి ముద్దలు చేసి ఆరబెడితే అవీ అమ్ముడవుతాయి. కానీ ఆ ముద్దలు చేసే పనికి పట్టే శ్రమకు తగిన ప్రతిఫలం చేతి పనిగా చేసేవారికి రాదు గనుక, నేను మాత్రం నలుసంతా మట్టికే ఇస్తున్నాను.