పాత మారుతి 800: కార్బ్యురేటరా, ఎంపీఎఫ్‌ఐనా?

"పాత 800 ఒకటి తీసుకుందామనుకుంటున్నా, కార్బ్యురేటర్‌ది చూడనా, ఎంపీఎఫ్‌ఐ చూడనా?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. కార్బ్యురేటర్ అంటే జెట్లనే సన్నటి రంధ్రాల గుండా పెట్రోలును గాలిలో కలిపి ఇంజిన్‌కు పంపే పాత పరికరం. ఎంపీఎఫ్‌ఐ అంటే కంప్యూటర్ కొలత చెబితే ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే పద్ధతి. అలా అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే కార్బ్యురేటర్ వైపు మొగ్గేసి ఉంటారు. ఎందుకంటే చెప్పే మాట ఒకటే: "అదైతే ఏ మెకానిక్ అయినా చేసేస్తాడండీ, కంప్యూటర్ గోల ఉండదు." ఒకప్పుడు ఆ మాటకు తిరుగులేదు. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలే మారింది. దాంతో లెక్కా మారింది.

ముందు ఒక సంగతి. ఈ రెండు కార్లలోనూ ఉన్నది మౌలికంగా ఒకే ఇంజిన్, సుజుకి ఎఫ్8బి. 796 సీసీ, మూడు సిలిండర్లు, సిలిండర్‌కు రెండేసి వాల్వులు, హెడ్ మీద వాల్వులను తెరిచే ఒకే క్యామ్‌షాఫ్ట్, దాన్ని తిప్పడానికి టైమింగ్ బెల్ట్. 1983 డిసెంబర్‌లో మొదటి 800 రోడ్డెక్కినప్పటి నుంచి 2014 జనవరిలో ఉత్పత్తి ఆపేసేదాకా అమ్ముడైన 800ల్లో చాలావరకు ఈ ఇంజినే. కార్బ్యురేటర్ ఇంజిన్ పవర్ 39.5 బీహెచ్‌పీ, ఎంపీఎఫ్‌ఐది 37. ఈ తేడా పట్టుకుని వాదించుకునేవాళ్లున్నారు గానీ, ఆరున్నర క్వింటాళ్ల బండిలో రెండున్నర బీహెచ్‌పీ కాలికి తెలిసేది కాదు. తేడా అంతా పెట్రోలు సిలిండర్‌లోకి చేరే దారిలోనే ఉంది.

కార్బ్యురేటర్ గొప్పేమిటో ముందు చెప్పాలి. పెట్రోలు పంపు కూడా మెకానికలే, క్యామ్‌షాఫ్టే దాన్ని ఆడిస్తుంది. పాత బళ్లలో ప్లగ్‌లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో ప్లాటినం పాయింట్లు ఉంటాయి. రోడ్డు మీద ఆగిపోతే స్క్రూడ్రైవర్, ఎమరీ పేపర్, ఫీలర్ గేజ్ ఉంటే సగం రోగాలు అక్కడే నయమవుతాయి. పాయింట్లు రుద్ది గ్యాప్ సరిచేయడం, పైలట్ జెట్ (ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చే రంధ్రం) ఊదడం, పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ ఇరుక్కుంటే బౌల్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) మీద మెల్లగా తట్టడం... ఇవన్నీ చేతిపని. ఎంపీఎఫ్‌ఐలో ట్యాంకులోని పంపు పోయిందంటే మాత్రం బండిని తాడు కట్టి లాక్కెళ్లాల్సిందే.

అయితే జెట్ ఊదడం వేరు, కార్బ్యురేటర్‌ను సరిగ్గా ట్యూన్ చేయడం వేరు. ఆ పని చేత్తో, చెవితో చేసిన తరం మెల్లగా తప్పుకుంటోంది. ఇప్పుడు షెడ్లలో పనిచేస్తున్న కుర్రాళ్లలో చాలామంది కార్బ్యురేటర్ విప్పింది బైకుల మీదే, అదీ తక్కువే. "ఏ మెకానిక్ అయినా" అన్న మాటలో ఇప్పుడు ఎంత పస ఉందో మీ ఊళ్లో షెడ్లు ఓసారి చుట్టి వస్తే తెలుస్తుంది.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది పెట్రోలు దగ్గరే. బంకుల్లో ఇప్పుడు వస్తున్నది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి బయటి గాలి తక్కువ చాలు. కిలో మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇ20కి సుమారు 13.5 కిలోలు సరిపోతుంది. కార్బ్యురేటర్‌కు ఈ సంగతి తెలియదు. దాని జెట్ల రంధ్రాలు ఏనాడో పాత పెట్రోలు లెక్కకు పెట్టినవి. అది అదే కొలత పోస్తూ ఉంటుంది, మిశ్రమంలో గాలి పాలు ఎక్కువైపోతుంది. మెకానిక్‌లు 'లీన్' అనేది దీన్నే.

లీన్ నడుస్తున్న 800ను గుర్తుపట్టడం కష్టం కాదు. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ నొక్కగానే ఒక్క క్షణం తడబడి తర్వాత లాగుతుంది. చలిపొద్దున చోక్ లాగి చాలాసేపు ఉంచితే గానీ నిలదొక్కుకోదు. హైవే మీద కాసేపు నడిపి, ఆపి, చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. మొనలో పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే లోపల వేడి మితిమీరుతున్నట్టు. ఆ వేడి దెబ్బ మొదట పడేది ఎగ్జాస్ట్ వాల్వుల మీద.

దీనికి చాలామంది మెకానిక్‌లు చేసే వైద్యం ఐడిల్ మిక్స్చర్ స్క్రూ కొంచెం తిప్పడం. ఐడిలింగ్ నున్నగా వస్తుంది, ఓనర్ సంతోషంగా వెళ్లిపోతాడు. కానీ ఆ స్క్రూ పని ఐడిలింగ్ వరకే. డెబ్బై స్పీడులో పెట్రోలు వచ్చేది మెయిన్ జెట్ నుంచి. దాన్ని ఒక సైజు పెంచి, మళ్లీ ప్లగ్ రంగు చూసి, అవసరమైతే ఇంకొంచెం మార్చేంత ఓపిక ఉన్నవాడు దొరికితే కార్బ్యురేటర్ కూడా ఇ20 మీద చక్కగానే నడుస్తుంది. దొరకడమే కష్టం.

ఎంపీఎఫ్‌ఐలో ఈ సర్దుబాటు దానంతటదే జరుగుతుంది. ఎగ్జాస్ట్‌లో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ కాలిన పొగను చూసి చెబితే, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఇంజెక్టర్లను ఆ మేరకు ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. పాతికేళ్ల కిందట అది ఇ20 కోసం పెట్టిన ఏర్పాటేమీ కాదు. కాలుష్య నిబంధనల కోసం పెట్టింది ఇప్పుడిలా అక్కరకొచ్చింది.

కదలకుండా నిలబడే బండి సంగతి ఇంకోటి. పాత 800 కొనేవాళ్లలో ఎక్కువమంది దాన్ని ఆదివారం బండిగా వాడతారు. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కార్బ్యురేటర్ బౌల్‌కు గాలి తగిలే దారి ఉంటుంది కాబట్టి, వారాల తరబడి నిలబెడితే పెట్రోలు ఆవిరై అడుగున జిగురు మిగులుతుంది, తేమకు లోహం తినేసి తెల్లటి పొడి పడుతుంది. ఆ పొడి రేణువు ఒక్కటి పైలట్ జెట్‌లో చిక్కితే చాలు, బండి ఐడిలింగ్‌లో నిలవదు. ఎంపీఎఫ్‌ఐ లైను మూసుకుని ఉంటుంది, ఈ బాధ తక్కువ. తక్కువే గానీ లేకపోలేదు. రబ్బరు పైపుల విషయంలో రెండూ ఒకటే, రెండింటివీ ఇ20ని ఊహించి చేసినవి కావు.

ఎంపీఎఫ్‌ఐ చూస్తున్నవాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వనిది) ఉందా? ఇంజిన్ వేడెక్కుతోందని వెళ్తే దాన్ని పీకి పారేయడం మన షెడ్లలో పాత అలవాటు. కార్బ్యురేటర్ బండి దీన్ని ఎలాగోలా భరిస్తుంది. ఎంపీఎఫ్‌ఐ భరించదు. కూలెంట్ సరైన వేడికి రాకపోతే ఈసీఎం ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. "ఎంపీఎఫ్‌ఐ అయినా మైలేజీ రావట్లేదు" అనే ఫిర్యాదు విన్నప్పుడు నేను మొదట అడిగేది దీని గురించే. రేడియేటర్‌లో కుళాయి నీళ్లు కాకుండా కూలెంట్ ఉందో లేదో కూడా అప్పుడే మూత తీసి చూడండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే. హెడ్ అల్యూమినియంది. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. ఇది రెండు రకాలకూ వర్తిస్తుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర మాత్రం కార్బ్యురేటర్‌దే పైచేయి. బీఎస్-2 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణాల్లో రెండోది) కంటే ముందు బళ్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా అనుమతి ఉంది. బీఎస్-2, బీఎస్-3 బళ్లకు 0.5 శాతమే. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ చచ్చిపోయిన ఎంపీఎఫ్‌ఐ ఈ టెస్ట్ నెగ్గడం కష్టం, కొత్త కన్వర్టర్ చవకా కాదు. బేరం ఆడే ముందే ఒకసారి టెస్ట్ చేయించి ఆ కాగితం చూడడం మంచిది.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2000 ప్రాంతంలో సిలిండర్‌కు నాలుగు వాల్వులు, ఐదు గేర్లతో వచ్చిన 800 నడపడానికి అన్నిటికంటే సరదాగా ఉంటుంది, మంచిది దొరికితే తీసుకోండి, దొరకడం అరుదు. ఎల్‌పీజీ కిట్ బిగించి నడిపిన బళ్ల జోలికి నేనైతే పోను. 1986కు ముందరి మొదటి మోడల్ దాచుకోవడానికి, తిరగడానికి కాదు. స్పేర్ల విషయంలో మామూలు 800కు బెంగ అక్కర్లేదు. ఇదే ఇంజిన్‌తో ఓమ్నీ 2019 దాకా తయారైంది.

ఇంట్లో ఇప్పటికే కార్బ్యురేటర్ 800 ఉన్నవాళ్లు దాన్ని అమ్మేసి ఎంపీఎఫ్‌ఐ కొనాల్సిన పనిలేదు. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి, కార్బ్యురేటర్ కిట్, పంపు డయాఫ్రం (పంపులో ఆడే పలచటి పొర) కలిపి మార్పించండి. డయాఫ్రం చిరిగితే పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగే ప్రమాదం ఉంది. అందుకే నెలకోసారి డిప్‌స్టిక్ తీసి మట్టం చూడండి, వాసన కూడా చూడండి. ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగినా, పెట్రోలు వాసన కొట్టినా స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో రికార్డు లేకపోతే, మీటర్‌లో ఎన్ని కిలోమీటర్లున్నా ముందు అది మార్పించాకే దూరప్రయాణం.