నెల్లూరులో జర్మన్ కోచింగ్: ఏ1, ఏ2కి చేరండి, బీ1కి వద్దు

మాస్టర్స్ కోసం మ్యూనిక్ వచ్చి ఎనిమిది నెలలయింది. వచ్చేముందు మన నెల్లూరులో ట్రంకు రోడ్డు పక్కన ఒక మేడమీద సెంటర్లో జర్మన్ నేర్చుకున్నా, పేరు రాయన్లే, జూనియర్లు రోజుకొకరు అన్నా చేరొచ్చా అని అడుగుతుండారు కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తుండా. ఏ1, ఏ2, బీ1 అంటే జర్మన్లో కింద నుంచి వరసగా మొదటి మూడు లెవెల్స్.

మేడం తెలుగులోనే చెప్తుంది, అదే ఆ సెంటర్‌కి ప్రాణం. జర్మన్లో ప్రతి వస్తువుకీ డేర్, డీ, దాస్ అని లింగం ఉంటది, స్పూన్ మగది, ఫోర్కు ఆడది, చాకు రెండూ కాదు. అమ్మాయిని మేడ్షెన్ అంటారు, దానికి కూడా దాసే. ఇదేంది మేడం, అమ్మాయి నపుంసకలింగమా అని మేము నవ్వితే, "బస్సు వచ్చింది, అమ్మాయి వచ్చింది, మీరు మాత్రం ఏం తేడా చూపిస్తుండారురా?" అనింది. నోరు మూసుకున్నాం. వైల్, అంటే ఎందుకంటే, అని మొదలుపెడితే క్రియ చివరికి పోద్ది, ఇంగ్లీషులో ఆలోచించేవాళ్ళు అక్కడే తన్నుకుంటారు, మనకి అది పుట్టుకతో వచ్చిందే. 21ని ఒకటీ ఇరవై అని తిప్పి చెప్పేది మాత్రం నాకింకా పట్టుబళ్ళేదు.

ఇక లిజనింగ్, అబ్బా. ముప్పై మందికి ఒక లాప్‌టాప్ స్పీకరు, కింద ఆటోల హారన్లు. స్పీకింగ్ అడిగితే రేపు చేద్దాం అంటారు, ఆ రేపు రాలా. చెన్నైలో గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పెట్టే జర్మన్ పరీక్ష, 100కి 60 వస్తే పాసు, గట్టెక్కినా గానీ వినేదాంట్లోనే మార్కులన్నీ పోయినాయి.

ఇక్కడ దిగినాక బేకరీలో చిన్న బన్ను కోసం పుస్తకంలో చదివినట్టే బ్రోట్షెన్ అని అడిగా, ఆమె "జెమ్మెల్" అని నవ్వి చేతిలో పెట్టింది, మ్యూనిక్ ఉండే బవేరియా రాష్ట్రంలో దాని పేరు అదంట. హలో కూడా లేదు, సెర్వుస్, గ్రూస్ గోట్. మనం ఎట్టుండావు అంటే హైదరాబాదోళ్ళు మొహం చూస్తారే, సేమ్ అట్టానే నిలబడ్డా. ఆదివారం షాపులన్నీ మూసేస్తారని కూడా ఎవరూ చెప్పలా, మొదటి ఆదివారం వట్టన్నం ఆవకాయే. పోనీ చట్నీ అన్నా చేద్దామని మిక్సీ వేస్తే కింద ఫ్లోర్ ముసలామె తలుపు కొట్టింది, ఆదివారం చప్పుడు చెయ్యకూడదంట. పెద్దోళ్ళని "జీ" అనాలి, "డూ" అంటే నువ్వు అన్నట్టే అని మేడం మా నెత్తిన మొట్టి నేర్పించింది కదా, నోట్లో అదే వచ్చింది, మీరు క్షమించాలి అన్నా. ఆమె మెత్తబడి ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో కూడా చూపించి పోయింది.

కాబట్టి ఏ1, ఏ2 కళ్ళు మూసుకుని చేరండి. బీ1లో నాలుగు భాగాలకీ విడివిడిగా 60 రావాలి, ఆ స్పీకరుతో అయ్యేపని కాదు, మాట్లాడించే వాళ్ళని వేరే వెతుక్కోండి. చేరేవాళ్ళు పొద్దున బ్యాచే తీసుకోండి, సాయంత్రం కిటికీ తీస్తే హారన్లు, మూస్తే ఉక్క.