పైగా సమాధులు, సంతోష్‌నగర్: మా నాన్నను తీస్కపోయిన

ఇంటికి చుట్టాలొస్తే చార్మినార్, గోల్కొండ, మళ్లీ అవే. ఈసారి నేను మా నాన్నను పిసల్‌బండల ఉన్న పైగా సమాధులకు తీస్కపోయిన. ఆదివారం పూట సమాధులు చూడనీకి ఎవలన్న పోతరానే అని అమ్మ కోప్పడ్డది, ఇంటికి రాంగనే తలస్నానం చెయ్యాలె అని ముందే చెప్పి పంపింది.

దొరకవట్టుడు కొంచెం కష్టమే, ఆటో అన్నకు పేరే తెల్వదు, ఒవైసీ హాస్పిటల్ కాడి నుంచి గల్లీలల్ల తిప్పి తిప్పి దింపిండు. ఇండ్ల మధ్యల గేటు.

పైగాలంటే నిజాంల కాడ సొంత ఫౌజు ఉన్న పెద్ద సర్దార్లు, నిజాం ఇంటి ఆడపిల్లలను చేసుకున్నోళ్లు. 18వ శతాబ్దం చివర్ల నుంచి వాళ్ల కుటుంబంల చనిపోయినోళ్లను ఇక్కడే పెట్టిన్రు. ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రా, బషీర్‌బాగ్ ప్యాలెస్ కట్టించిన ఆస్మాన్ జా, ఇద్దరూ నిజాం కాడ దివాన్లుగ, అంటే ప్రధానమంత్రులుగ చేసినోళ్లే, ఇద్దరూ ఇక్కడే ఉన్నరు. ఇప్పుడు హోటల్ అయిన ఫలక్‌నుమాల ఒక్క రాత్రికి ఎంతైతదో అందరికీ ఎరుకే, ఆ మహల్ కట్టుకున్నాయన కాడ మేం పోయినప్పుడు మేమిద్దరమే.

మా నాన్న నలభై ఏండ్లు మేస్త్రీ పని చేసిండు. లోపలికి పోయి ఒక గోడ ముందర నిలబడ్డడు, ఇగ కదల్లే. ఇది డంగు సున్నం బిడ్డా, సిమెంట్ కాదు అన్నడు. సున్నం, ఇసుక గుండ్రటి గానుగల పోసి ఎడ్లతోటి రాతి చక్రం తిప్పి నూరేటోళ్లంట, బెల్లం నీళ్లు, కరక్కాయ నానవెట్టిన నీళ్లు కలిపేటోళ్లంట, పై పూతకు కోడిగుడ్డు తెల్లసొన, చిన్నప్పుడు మా తాత చేస్తుంటే చూసిండట. ఆ పువ్వులు, తీగలు, కూజాలు అన్నీ సున్నం తడిమీద ఉన్నప్పుడే తీర్చినయి అని వేలు ఆనియ్యకుండ గాలిలనే గీసి చూపెట్టిండు. పాత కట్టడాలు బాగుచేసే ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు రిపేరు కూడా సున్నంతోనే చేసిన్రని చెప్తే, కొత్త పూత పాత పూత కలిసిన కాడ గీత కోసం ఎంత సేపు వెతికిండో.

జాలీలు, అంటే గోడల్ల కన్నాలు కన్నాలుగ చేసిన తెరలైతే మేం చూసినంతల ఒకదాని లెక్క ఇంకోటి లేదు. పదిన్నరకు ఎండ వాటిల్లోంచి పాలరాతి సమాధి మీద చుక్కలు చుక్కలుగ పడ్డది, మేం చూస్తుండంగనే మెల్లగ జరిగి నేల మీదికి దిగింది. పోతే పొద్దుగాలనే పోండి, మబ్బు పట్టిన రోజు వద్దు.

ఒక్కటి బాధైంది. మేం బయల్దేరే ముందర ప్రీవెడ్డింగ్ షూట్‌కు ఒక జంట వచ్చిన్రు, కెమెరా అబ్బాయి ఆ అమ్మాయిని సమాధి గట్టు మీద కూసోవెట్టిండు. నాన్న పోయి, బాబూ మీ తాత సమాధైతే ఇట్లనే కూసుంటరా అన్నడు, వెంటనే లేచిన్రు. ఫొటోలు తీస్కోండి, కానీ సమాధులు తొక్కకండి, పక్కనే మసీదు ఉంది, జర నెమ్మదిగ మాట్లాడండి.

ఐదుకు నాలుగున్నర ఇస్తున్న. రోడ్డు మీద దారి చెప్పే బోర్డు మాకు కనవడలే, అందుకే ఆ అర తీసిన. టైం ఉంటే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద 1798ల చనిపోయిన నిజాం ఫౌజుల జనరల్‌గ చేసిన ఫ్రెంచాయన రేమండ్ సమాధి కూడా పెట్టుకోండి, మూసారాంబాగ్ పేరు ఆయనదే.

నాన్న అయితే తనతోటి పని చేసిన ఇద్దరు పాత మేస్త్రీలకు అప్పుడే ఫోన్ చేసిండు, వచ్చే ఆదివారం ముగ్గురినీ తీస్కపోవాలె.