జింకల మేతమడికి తెల్ల క్లోవర్, చికోరీ: మిస్సోరిలో ఎన్నో సీజన్ల వాడకం తర్వాత

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఉన్న మా వేట భూమిలో, ఓక్ చెట్ల అడవి అంచున ఉన్న ముక్కాలు ఎకరంలో జింకలను రప్పించే మేతమడిగా లడీనో రకం తెల్ల క్లోవర్‌ను, చికోరీని కలిపి చాలాకాలంగా పెంచుతున్నాను. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక, వేటకు అనుమతి ఉన్న మిస్సోరిలోని నిబంధన ఒకటి ముందే చెప్పాలి. మిస్సోరిలో గింజలు పోసి, ఆ ఎరకు వచ్చిన జింకను వేటాడటం నేరం. పోసిన గింజలను పూర్తిగా ఎత్తివేసినా మరో 10 రోజుల పాటు ఆ చోటును ఎరచోటుగానే పరిగణిస్తారు. నేలలో పెరిగిన పైరు దగ్గర వేటాడటానికి మాత్రం అభ్యంతరం లేదు.

కొత్తగా మేతమడి వేసేవారు కొమ్ముల జింక బొమ్మ ఉన్న విత్తనాల సంచికి డబ్బు పెడతారు. నేనైతే ముందు ఆ డబ్బు సున్నానికి పెట్టమంటాను. క్లోవర్‌కు నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.5 దగ్గర ఉండాలి, మా ఎర్ర బంకమట్టిది అంతకు చాలా తక్కువ; దాన్ని పెంచేది సున్నమే. మిస్సోరి విశ్వవిద్యాలయం వారి, రైతులకు సలహాలిచ్చే ఎక్స్‌టెన్షన్ కార్యాలయంలో మట్టి పరీక్ష చేయిస్తే సున్నం మోతాదును టన్నుల్లో కాక, ఈఎన్ఎం (నేల ఆమ్లాన్ని నిజంగా తగ్గించగల సున్నం శక్తి) అనే కొలమానంలో ఎకరానికి ఇన్ని పౌండ్లని రాసి ఇస్తారు. మీరు కొనే క్వారీ సున్నపురాయి పొడిలో టన్నుకు ఎంత ఈఎన్ఎం ఉందో అడిగి, దానితో భాగిస్తే ఎన్ని టన్నులు తోలించాలో తేలుతుంది. సున్నం పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి ఆగస్టు చివర విత్తాలంటే వసంతంలోనే చల్లించడం మేలు.

సంచి కొనేముందు దానికి కుట్టిన చీటీ తప్పక చదవాలి. పైన పొర (కోటింగ్) పట్టించిన విత్తనమైతే బరువులో మూడోవంతు దాకా ఆ పొరే ఉండవచ్చు. చీటీలో అది జడ పదార్థం కింద కనిపిస్తుంది. ఆ పొర లేని విత్తనం కొని, మన రైతులు వేరుశనగకు పట్టించినట్టే క్లోవర్‌కు తగిన రైజోబియం కల్చర్ పట్టించుకుంటే ఖర్చు కలిసివస్తుంది. ఎకరానికి 4 నుంచి 5 పౌండ్ల క్లోవర్, 2 పౌండ్ల చికోరీ, లేత మొక్కలకు కాపుగా ఉండే నీడపైరుగా 40 పౌండ్ల ఓట్స్ సరిపోతాయి. క్లోవర్ గింజ ఆవగింజ కంటే చిన్నది. పావు అంగుళం మించి లోతుకు పోతే మొలవదు. అందుకే నువ్వుల మాదిరిగా ఇసుకలో కలిపి చల్లి, పైన రోలర్ నడిపితే చాలు. తర్వాతి వసంతంలో ఒక మొక్కను మట్టితో పెకలించి వేరుబుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని స్థిరీకరణ సాగుతున్నట్టే, ఇక యూరియా వేయనక్కర్లేదు.

మొదటి ఏడాది చూసి ఈ మడిని అంచనా వేయకూడదు. రెండో వసంతం నుంచి క్లోవర్ నేలంతా అల్లుకుంటుంది. మడిలో ఇనుప వల చుట్టగా నిలబెట్టి కొంత మేతను జింకలకు అందకుండా చేశాను. మే నెలలో వల లోపల ఆకు పిక్కల ఎత్తుకు లేస్తే, బయట కత్తెర పట్టినట్టు నేలబారుగా ఉంటుంది. జింకలు ఎంత మేస్తున్నాయో ఇంత స్పష్టంగా ట్రైల్ కెమెరా (జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసేది) కూడా చెప్పదు. క్లోవర్ వేళ్లు పైపైనే ఉండటం వల్ల జూలై ఎండలకు వాడిపోతుంది. అప్పుడు ఆదుకునేది లోతుకు దిగే తల్లివేరున్న చికోరీ (మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపేది ఈ మొక్క వేరే). గడ్డిని క్లెథోడిమ్ అనే కలుపుమందు చంపుతుంది, క్లోవర్‌నూ చికోరీనీ వదిలేస్తుంది. వెడల్పాకు కలుపుకు వాడే 2,4-డీబీ అనే మందు మాత్రం చికోరీని కూడా దెబ్బతీస్తుంది కాబట్టి ఆ కలుపును నేను పూతకు రాకముందే మోవర్‌తో కోయిస్తాను.

వేటకు ఇది ఎంత పనికొస్తుందంటే, సెప్టెంబరు, అక్టోబరుల్లో విల్లు వేటకు చాలా బాగుంటుంది. తెల్ల ఓక్ కాయలు రాలడం మొదలైతే జింకలు మడిని వదిలి అడవిలోనే ఉండిపోతాయి, గట్టి మంచు పడ్డాక క్లోవర్ ఎదుగుదల ఆగిపోతుంది. డిసెంబరులో కూడా పచ్చగా ఉండాలంటే పక్కనే కొంత గోధుమ వేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మంచెకు వెళ్లే దారి మడిని దాటకూడదు, గాలి మన వాసనను మడి మీదికి మోయకూడదు; ఈ రెండూ కుదరకపోతే ఎంత మంచి మేతనైనా జింకలు చీకటి పడ్డాకే వచ్చి మేసిపోతాయి.

నాలుగైదేళ్లకు క్లోవర్ పలచబడి, అది నేలలో నిలిపిన నత్రజనిని గడ్డి తినేస్తుంది. ఆ దశలో పైపైన గింజలు చల్లి సరిపెట్టకుండా, మడిని దున్ని ఒక పంట గోధుమ తీసి, మళ్లీ మట్టి పరీక్షతో మొదలుపెట్టడమే నేను పాటిస్తున్న పద్ధతి.