స్వీట్ హోమ్ చికాగో వెర్షన్ల వేట: చాలాకాలం వాడాక నా రివ్యూ

బ్లూస్ (అమెరికా నల్లజాతి వాళ్ల పాత జానపద సంగీతం) పాటని టైటిల్ కొట్టి వెతికితే సగమే దొరుకుతుంది, మిగతా సగం వేరే పేర్లతో ఎక్కడెక్కడో ఉంటుంది. కొన్నేళ్లుగా స్వీట్ హోమ్ చికాగో అనే బ్లూస్ పాట వెర్షన్ల వెంట పడుతున్నా కాబట్టి చెప్తున్నా. నేను వాడే సామాను: ఒక స్ట్రీమింగ్ యాప్ (పేరెందుకులెండి), ఒక పాటని ఎవరెవరు పాడారో చెప్పే సెకండ్‌హ్యాండ్ సాంగ్స్ సైటు, కాలిఫోర్నియాలో శాంటా బార్బరా యూనివర్సిటీ వాళ్ల పాత రికార్డుల డిస్కోగ్రఫీ (అంటే రికార్డుల వివరాల జాబితా), 1990లో వచ్చిన మిసిసిపీ బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ పాటల సెట్టు, వీటన్నిటి పక్కన నా ఎక్సెల్ షీటు.

ముందు యాప్ సంగతి. టైటిల్ కొడితే వందలకొద్దీ వస్తాయి, బాగానే ఉంటుంది, కానీ ఒకే రికార్డింగు పది కలెక్షన్లలో పది సార్లు కనిపిస్తుంది, పైగా దాని పక్కన వేసే సంవత్సరం సీడీ ఎప్పుడు వచ్చిందో అది, పాట ఎప్పుడు పాడారో అది కాదు, అంటే 1936 నాటి పాట 2011 అని పడుతుంది, సంవత్సరం ప్రకారం సర్దుకుందాం అంటే మొత్తం తలకిందులే. ఎవరు గిటార్ కొట్టారు, ఏ ఊళ్లో రికార్డు చేశారు, ఇవేం ఉండవు. వినడానికి ఓకే, వెతకడానికి మాత్రం దండగ. 5కి 2, అదీ క్వాలిటీ బాగుంటుంది కాబట్టి.

ఇప్పుడు అసలు విషయం. జాన్సన్ ఈ పాటని 1936 నవంబర్ 23న టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో ఊళ్లో గంటర్ హోటల్ గదిలో పాడాడు, అతని మొట్టమొదటి సెషన్ అది, ఆ రోజు మూడో పాట. 1937లో వోకాలియన్ కంపెనీ రికార్డుగా వచ్చింది, రెండో వైపు వాకింగ్ బ్లూస్. చాలామందికి కథ ఇక్కడే మొదలు. కానీ 1934లో కోకోమో ఆర్నాల్డ్ అనే గాయకుడు డెక్కా కంపెనీకి పాడిన ఓల్డ్ ఒరిజినల్ కోకోమో బ్లూస్ ఒక్కసారి విని చూడండి, ఆ ట్యూనూ అదే, బేబీ నీకు వెళ్లాలని లేదా అని అడిగే పల్లవీ అదే, ఊరు మాత్రం ఇండియానాలో ఉన్న కోకోమో. అతనికి ఆ పేరు వచ్చిందే ఆ పాటతో, అసలు పేరు జేమ్స్ ఆర్నాల్డ్. ఇంకా వెనక్కి పోతే 1928లో స్క్రాపర్ బ్లాక్‌వెల్ పాడిన కోకోమో బ్లూస్ తగుల్తుంది. ఈ రెండిట్లో ఏ టైటిల్‌లోనూ చికాగో లేదు, మరి యాప్‌లో చికాగో అని కొడితే ఇవెలా వస్తాయి చెప్పండి?

అందుకే నా షీటులో టైటిల్ కాలమ్‌కి విలువ లేదు. నేను చూసేది మూడు: పల్లవిలో ఏ ఊరు, లెక్కల చరణం ఉందా లేదా, స్లైడ్ (గిటార్ తీగల మీద గాజు గొట్టమో లోహపు ముక్కో జార్చి వాయించడం) ఉందా. లెక్కల చరణం అంటే ఒకటీ ఒకటీ రెండు, రెండూ రెండూ నాలుగు అని కూడుతూ పోయేది. ఆర్నాల్డ్ పాటలో ఉంది, జాన్సన్ దాన్ని అలాగే తెచ్చుకున్నాడు, తర్వాత వాళ్లలో చాలామంది వదిలేశారు. ఆర్నాల్డ్ గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి ఎడమచేతి వాటంగా స్లైడ్ లాగుతాడు, జాన్సన్ స్లైడ్ పక్కన పెట్టి కింది తీగల మీద బొటనవేలితో దరువు లాంటిది నడుపుతాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ రెండూ వెనకవెనకే వినండి, పాట చేతులు మారిన క్షణం వినపడుతుంది. త్యాగరాజ కీర్తనల పాఠాంతరాలు పట్టిపట్టి వినే అలవాటున్నవాళ్లకి ఇది ఇట్టే ఎక్కేస్తుంది.

ఊరి కాలమ్ ఇంకా తమాషా. జాన్సన్ పాటలో కాలిఫోర్నియా నేలకీ, నా చికాగోకీ అని ఒకే ఊపిరిలో వస్తుంది, ఇంకో చరణంలో కాలిఫోర్నియా నుంచి అయోవాలో డెమోయిన్‌కి అంటాడు. మ్యాప్ తీస్తే ఇవన్నీ ఎక్కడికక్కడే, ఒకదానికొకటి బాగా దూరం. దీనిమీద రకరకాల వాదాలున్నాయి, నాకైతే మిసిసిపీ కుర్రాడు దూరంగా ఉన్న మంచి చోట్లన్నీ వరసగా పాడుకున్నట్టే ఉంటుంది, మ్యాప్ గొడవ అతనికి లేదు. తర్వాత వాళ్లకి ఆ గొడవ వచ్చింది. 1958లో జూనియర్ పార్కర్ అనే గాయకుడు డ్యూక్ రికార్డు కంపెనీకి పాడేసరికి కాలిఫోర్నియా పోయి సేమ్ ఓల్డ్ ప్లేస్ (అదే పాత చోటు) వచ్చింది, 1967లో చికాగో గిటారిస్టు మ్యాజిక్ శామ్ వెస్ట్ సైడ్ సోల్ ఆల్బమ్‌లోనూ అదే. అప్పటికి అది చికాగోలో ఉన్నవాళ్ల పాట అయిపోయింది కదా, ఎక్కడికో పోదామనే మాట ఎందుకు.

ఇలాంటి పనికి డిస్కోగ్రఫీ సైటు బంగారం. ఉచితం, తేదీ, ఊరు, మ్యాట్రిక్స్ నంబరు (ఒక్కో రికార్డింగుకి కంపెనీ వేసుకునే నంబరు), అంతా పొడిపొడిగా ఉంటుంది, చూడ్డానికి ఆఫీసు రిజిస్టర్‌లా ఉన్నా పర్లేదు. 5కి 5. సెకండ్‌హ్యాండ్ సాంగ్స్ మొదట ఎవరు, తర్వాత ఎవరు అని వరసలో చూపిస్తుంది, 1958 తర్వాత వేరేవాళ్లు పాడిన వెర్షన్లకి నేను మొదట తెరిచేది అదే, 4. 1990 సెట్టులో 41 ట్రాకులు, పాటలు 29, మిగతావి రెండో టేకులు (అదే పాటని మళ్లీ పాడి రికార్డు చేసినవి), ఒకే పాట రెండు సార్లు పక్కపక్కనే వస్తుంది. సరదాగా వినేవాళ్లకి విసుగే, నాలాంటోళ్లకి పండగ. ఈ పాటకి మాత్రం ఒక్కటే టేకు, దేన్నీ పక్కన పెట్టి పోల్చే వీల్లేదు.

1980లో బ్లూస్ బ్రదర్స్ సినిమా వచ్చాక వెర్షన్లు వెతకడం బోర్ కొట్టేస్తుంది, నిజం. సినిమాలో వాళ్లు స్టేజీ మీద మ్యాజిక్ శామ్‌కి అంకితం అని చెప్పి మరీ పాడతారు, అంతవరకు బాగుంది, కానీ ఆ తర్వాత బార్ బ్యాండ్లన్నీ ఆ సినిమా వెర్షనే కొడుతున్నాయి, ట్రంపెట్, సాక్సోఫోన్ లాంటి హారన్లతో సహా. నా షీటులో అక్కణ్ణుంచి గడులన్నీ కాపీ పేస్టే. 2012 ఫిబ్రవరిలో వైట్‌హౌస్‌లో బి.బి. కింగ్, బడ్డీ గై, మిక్ జాగర్ పాడుతుంటే ఒబామా చేతికి మైకిచ్చారు, ఆయన రెండు లైన్లు అందుకున్నాడు. ఆయనా చికాగో మనిషే, ఊరి కాలమ్‌లో మళ్లీ సేమ్ ఓల్డ్ ప్లేసే.