జోగ్జాలో ఓ పుస్తకశాల

ఇండోనేసియాలోని యోగ్యకర్తా (పొట్టిగా జోగ్జా) వెళ్లిన మనవాళ్లు బొరొబుదూర్, ప్రంబనన్ ఆలయాలు చూసి తిరుగు విమానం ఎక్కేస్తారు. మాకు ఒక రోజు మిగిలితే యూనివర్సితాస్ ఇస్లాం ఇందోనేసియా చూసొచ్చాం. అక్కడ అందరూ పొట్టిగా 'ఊ-ఈ-ఈ' అంటారు. 1945 జూలైలో, ఇండోనేసియా స్వాతంత్ర్య ప్రకటనకు నెల ముందు జకార్తాలో మొదలై, మరుసటి ఏడాది ఇక్కడికి మారిన ప్రైవేటు విశ్వవిద్యాలయం ఇది. స్థాపకుల్లో ఒకరైన మహమ్మద్ హట్టా ఆ దేశానికి మొదటి ఉపాధ్యక్షుడు.

వెళ్లేటప్పుడే తప్పు చేశాను. క్యాబ్ యాప్‌లో పేరు కొట్టి, పైన వచ్చింది నొక్కేశాను. కారు చొండొంగ్ చాతూర్‌లో దింపింది. అక్కడుండేది బిజినెస్, ఎకనామిక్స్ ఫ్యాకల్టీ. మేం చూడాలనుకున్న అసలు క్యాంపస్ ఇంకా పైన, మెరాపి అగ్నిపర్వతం వైపు వెళ్లే కాలియురాంగ్ రోడ్డులో, 14.5వ కిలోమీటరు దగ్గర. రెండోసారి డబ్బు పెట్టి కారెక్కాం. మీరు బుక్ చేసేటప్పుడు కిలోమీటరు నంబరు చూసుకోండి.

మొత్తం ఎనిమిది ఫ్యాకల్టీలు. మెడిసిన్, సైకాలజీ, ఇంజినీరింగ్, ఇస్లామిక్ స్టడీస్ అన్నీ ఈ పెద్ద క్యాంపస్‌లోనే. వాటి భవనాలు మన ఊళ్లలో ఉన్నట్టే ఉన్నాయి. ఉలిల్ అల్బాబ్ మసీదు మాత్రం చల్లగా, ప్రశాంతంగా ఉంది.

మేం వెళ్లింది లైబ్రరీ పక్కన గోతిలో ఉన్న గుడి కోసం. 2009 డిసెంబరులో లైబ్రరీకి పునాదులు తవ్వుతుంటే చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. మెరాపి బూడిద, బురద కింద కొన్ని మీటర్ల లోతున శతాబ్దాలుగా కూరుకుపోయిన శివాలయం! దాన్ని కాపాడడానికి విశ్వవిద్యాలయం భవనం ప్లానే మార్చుకుంది. గట్టు మీద నిలబడి కిందికి చూస్తే తక్కువ ఎత్తు గోడలు, వాటి మధ్య లింగం, పానవట్టం, చక్కగా కూర్చున్న వినాయకుడు. పక్కనున్న చిన్న గుడిలో నంది. రాతి పైకప్పు ఆనవాళ్లు లేవు, చెక్కతో కట్టి ఉంటారట. ఊరి పేరు మీద కింపులన్ అనే పేరూ ఉంది గానీ, విశ్వవిద్యాలయం పెట్టిన పేరు 'పుస్తకశాల'. బోర్డు మీద ఆ మాట చదివి మా అమ్మ "ఇది మన మాటే కదరా" అని రెండుసార్లు అంది. తలకు స్కార్ఫులు కట్టుకున్న అమ్మాయిలు ఇద్దరు నవ్వి, తప్పుకుని ఆవిడకి చోటిచ్చారు.

బస సంగతి. మేం ఊళ్లోని బజారు వీధి మాలియోబోరో దగ్గర దిగాం; షాపింగ్‌కి బాగుంది, రాత్రంతా హారన్లే. గెస్ట్‌హౌస్‌లో వేడినీళ్లు ఒక్కరోజే వచ్చాయి, అడిగితే "రేపు" అన్నారు. మళ్లీ వెళ్తే కాలియురాంగ్ రోడ్డులోనే ఉంటా. అక్కడ చల్లగా ఉంటుంది, తెల్లారగట్ల మబ్బు లేకపోతే మెరాపి కనిపిస్తుంది.

తిండికి, లేత పనసకాయతో చేసే గుడెగ్ తినొచ్చు, కాస్త తియ్యగా ఉంటుంది. శాకాహారులు మాత్రం 'క్రెచెక్' వద్దని ముందే చెప్పాలి. చూడ్డానికి అప్పడం నానబెట్టినట్టుంటుంది గానీ అది పశువుల చర్మం. అమ్మ ప్లేటులోకి వచ్చాక తెలిసింది మాకు.