కొత్త పేరును ముందే నేర్చుకోవాలంటే ఏ దారి మేలు?

రేపు ఉదయం కలవబోయే వ్యక్తి పేరు ఈమెయిలులోనో ఆహ్వానపత్రికలోనో ఇంగ్లీషు అక్షరాలలో కనిపిస్తుంది, కానీ దానిని ఎలా పలకాలో ఆ అక్షరాలు చెప్పవు. చెన్నైలో కాపురముండే తెలుగువారికి ఈ చిక్కు తరచూ ఎదురవుతుంది. నాకు తెలిసి ఇందుకు నాలుగు దారులున్నాయి: ఇంగ్లీషు స్పెల్లింగును బట్టి ఊహించడం, ఆ భాష లిపిలోనే చదవడం, ఫోను చేత పలికించుకుని వినడం, ఆ వ్యక్తిని రోజూ పిలిచేవారిని అడగడం.

మొదటిది అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా చెడ్డది. ఒక తెలుగు సంఘం సభలో ‘ఎఴిల్’ అన్న మాటతో మొదలయ్యే పేరు గల వక్తను పరిచయం చేస్తూ, స్పెల్లింగులోని జడ్, హెచ్ అక్షరాలను నమ్మి, నేను మూడుసార్లు ‘ఎజిల్’ అన్నాను. ఎఴిల్ అంటే తమిళంలో అందం. నా నోట అది అర్థం లేని శబ్దమైపోయింది. తమిళులు జడ్‌హెచ్ అని రాసేది, నాలుక కొనను వెనక్కి మడిచి అంగిలికి తగలనీయకుండా పలికే ధ్వని. ళకారానికి నాలుక అంగిలిని తాకుతుంది, దీనికి తాకదు. ఒకప్పుడు మనకూ ఈ ధ్వని ఉండేది. ప్రాచీన తెలుగు శాసనాలలో దానికి ‘ఴ’ అన్న ప్రత్యేక అక్షరం కనిపిస్తుంది. తరువాత అది అనేక మాటలలో డకారమైంది కనుకనే తమిళుల ఏఴు మనకు ఏడు, వారి కోఴి మనకు కోడి. కనిమొఴి అన్న పేరును మన పత్రికలు కనిమొళి అని రాయడం పూర్తిగా సరికాకపోయినా, ‘కనిమొజి’ అనడం కన్నా ఎంతో నయం. వాడుకలో ళకారంతో సరిపెట్టుకునే తమిళులూ చాలామందే ఉన్నారు.

తమిళ లిపి చదవడం వచ్చినవారికి రెండవ దారి చాలావరకు పనికివస్తుంది, కానీ దానిలోనూ ఒక మెలిక ఉంది. ఆ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, త, ద లకు ఒకే అక్షరం, ప, బ లకు కూడా అంతే. పదం మధ్యలోనైతే సూత్రం తెలుసుకుంటే చాలు: ముక్కుతో పలికే అనునాసికం (న, మ వంటివి) తరువాత ఆ అక్షరం సరళమవుతుంది, అంటే క గగా, త దగా, ప బగా పలుకుతుంది, కనుక మనం ‘సెంథిల్’ అని రాసే పేరు తమిళుల నోట సెందిల్. పదం మొదట మాత్రం సూత్రం అక్కరకు రాదు. గణేశన్‌లోని గకారాన్నీ కనిమొఴిలోని కకారాన్నీ ఒకే అక్షరంతో రాస్తారు. ఆ పేరు ఏ భాష నుండి వచ్చిందో ముందే తెలిసినవారే తేడా చూపగలరు.

ఫోను సంగతికి వస్తే, దానికి ఏ లిపిలో ఇస్తే ఆ లిపి లెక్కనే చదువుతుంది. 1998లో శ్రీపెరుంబుదూరు సమీపంలో హ్యుందాయ్ కార్ల తయారీ మొదలైన నాటి నుండి కొరియన్ల పేర్లు కూడా ఇక్కడి ఆఫీసులలో మామూలయ్యాయి. ‘పార్క్’ను ఇంగ్లీషులో టైపు చేస్తే ఫోను రకారంతోనే చదువుతుంది, కొరియన్ లిపిలో ఇచ్చి వింటే రకారమే లేని, పాక్‌కు దగ్గరి ధ్వని వినబడుతుంది. అదే విధంగా ‘చోయ్’ అన్నది చ్వేకు దగ్గరగా, ‘లీ’ అన్నది ఉత్త ఈకారంగా వినిపిస్తాయి. లింక్డ్‌ఇన్‌లో 2020 నుండి ఎవరి పేరును వారే పది సెకన్లలోపు రికార్డు చేసి పెట్టుకునే వీలుంది. అటువంటి రికార్డు దొరికితే దానికి మించిన సాక్ష్యం లేదు, కానీ నేను వెదికినవారిలో చాలామంది దానిని పెట్టుకోలేదు.

అందువల్ల నా ఓటు నాలుగవ దారికే. రిసెప్షన్‌లో ఉండేవారికో, ఆయనతో పనిచేసేవారికో ఒక్క ఫోను చేస్తే ఉచ్చారణతో పాటు అసలు ఏ పేరుతో పిలవాలో కూడా తెలుస్తుంది. ఇది చిన్న లాభం కాదు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, కొరియన్లకూ అంతే. తమిళులలో ఎక్కువమందికి ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు ఇనీషియల్‌గా ఉంటుంది. ఆ తండ్రి పేరును పూర్తిగా విప్పి ఈమెయిలులో చివర రాసినప్పుడు, దానిని ఇంటిపేరనుకుని ‘సుబ్రమణియన్ గారూ’ అని పలకరిస్తే, అక్కడ లేని తండ్రిని పిలిచినట్లవుతుంది. ఈ పొరపాటును ఏ ఫోనూ ఆపలేదు.

ముందుగా ఇంత శ్రమ ఎందుకు, ఎదుటపడినప్పుడు వారినే అడగవచ్చు కదా అని మా ఆవిడ అంటుంది. ఇద్దరే కూర్చునే చోట అది నిజమే, అందులో చిన్నతనమేమీ లేదు. మైకు పట్టుకుని పరిచయం చేయవలసిన చోట, ఇంటర్వ్యూ గదిలో పేరు పిలవవలసిన చోట మాత్రం ఆ అవకాశం ఉండదు.

అందుకని ఇప్పుడు రెండు రోజుల ముందే ఎవరినో ఒకరిని అడిగి, విన్నది విన్నట్లు తెలుగు లిపిలో చీటీ మీద రాసుకుంటాను. ద, డ ల తేడానూ న, ణ ల తేడానూ మన లిపి చక్కగా పట్టుకుంటుంది. సభకు పది నిమిషాల ముందు ఆ చీటీని వక్తకే చదివి వినిపిస్తాను. కిందటిసారి నేను ‘సరవనన్’ అని చదివితే ఆయన తల అడ్డంగా ఊపి, మొదటి నకారాన్ని ణకారంగా పలికి చూపించారు. అక్కడికక్కడే దిద్దుకుని వేదిక ఎక్కాను.